నమ్మకం ఎక్కువైతే సైన్స్ తక్కువవుతుందా? సర్వేకి దిగే ముందు ఏం కొలుస్తున్నారో తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: మీ సైన్స్ క్లబ్ తరఫున ఒక సర్వే చేద్దామనుకుంటున్నారు. దైవ విశ్వాసం ఎంత గట్టిగా ఉంటే శాస్త్ర పరిజ్ఞానం అంత తక్కువగా ఉంటుందని మీ అంచనా. అది నిజమేనా, ప్రశ్నలు ఎలా తయారు చేయాలి, సైన్స్ బాగా నేర్పితే నమ్మకం దానంతటదే సడలుతుందా అన్నవి మీ సందేహాలు. నేను చాలా ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ రకం సర్వేలు వచ్చినప్పుడల్లా, ఫలితం కంటే ముందు ప్రశ్నాపత్రం తీసి చూడటం నా అలవాటు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నేను భక్తుల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

మీ అంచనాకి ఆధారం లేకపోలేదు. అమెరికాలో జరిగే జనరల్ సోషల్ సర్వే లెక్కల్ని డారెన్ షెర్కాట్ అనే సామాజిక శాస్త్రవేత్త విశ్లేషించి 2011లో ప్రచురించాడు. బైబిల్లో ప్రతి అక్షరమూ దేవుడి మాటే అని నమ్మేవాళ్లకి సైన్స్ ప్రశ్నల్లో మార్కులు తక్కువ వచ్చాయి. చదువు, ఆదాయం లాంటి తేడాలు లెక్కలోంచి తీసేశాక కూడా ఆ వెనకబాటు మిగిలింది. ఇలాంటి ఫలితాలు అమెరికా నుంచి తర్వాత కూడా వచ్చాయి. కానీ మెక్‌ఫెట్రిస్, జాంగ్, జుకర్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే విషయాన్ని చాలా దేశాల్లో చూసి 2021లో రాసిన వ్యాసం ఉంది. భక్తి పెరిగేకొద్దీ సైన్స్ మీద సదభిప్రాయం తగ్గడం అమెరికాలో కనిపించింది గానీ, మిగతా దేశాల్లో ఆ సంబంధం నిలబడలేదు. మతానికీ సైన్స్‌కీ స్వతహాగానే పడదు అనుకుంటే, ఆ పడకపోవడం సరిహద్దు దాటగానే మాయం కాకూడదు కదా. కాబట్టి ఇందులో మతం పాత్ర ఎంత, ఆ సమాజంలో మతం చుట్టూ నడిచిన తగాదాల పాత్ర ఎంత అన్నది విడదీసి చూడాలి.

ఇక ప్రశ్నల సంగతి. మీ సర్వే బాగుపడినా చెడినా ఇక్కడే.

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ దశాబ్దాలుగా జనం శాస్త్ర పరిజ్ఞానాన్ని కొన్ని చిన్న ప్రశ్నలతో కొలుస్తూ వచ్చింది. భూమి మధ్యభాగం చాలా వేడిగా ఉంటుందా, ఎలక్ట్రాన్ పరమాణువు కంటే చిన్నదా, యాంటీబయాటిక్స్ వైరస్‌లని కూడా చంపుతాయా, ఇలాంటివి. అందులో ఒక వాక్యం: ‘ఇప్పుడున్న మనుషులు పూర్వపు జంతు జాతుల నుంచి పరిణమించారు’. ఒప్పో తప్పో చెప్పాలి. 2012లో ఒప్పు అన్నవాళ్లు 48 శాతం. సగం దేశానికి జీవశాస్త్రం ఓనమాలు రావని పత్రికలు రాయడానికి ఇది చాలు. అయితే అదే ఏడాది సర్వేలో కొంతమందికి ఆ వాక్యం ముందు చిన్న తోక తగిలించి ఇచ్చారు: ‘పరిణామ సిద్ధాంతం ప్రకారం’. అంతే తేడా. ఒప్పు అన్నవాళ్లు 72 శాతానికి పెరిగారు. విశ్వం పెద్ద విస్ఫోటనంతో మొదలైందా అన్న ప్రశ్నలోనూ ఇదే తంతు. మామూలుగా అడిగితే 39 శాతం, ‘ఖగోళ శాస్త్రజ్ఞుల ప్రకారం’ అని చేర్చితే 60 శాతం.

ఈ 48కీ 72కీ మధ్య ఉన్న మనుషుల గురించి కాస్త నిదానంగా ఆలోచించండి. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు. పరిణామ సిద్ధాంతం ఏం చెబుతుందో వాళ్లకి తెలుసు. తోక లేని ప్రశ్నలో మాత్రం వాళ్లకి ‘నీకేం తెలుసు’ అన్నది వినపడలేదు, ‘నువ్వెవరి పక్షం’ అన్నది వినపడింది. దానికే జవాబిచ్చారు. ఈ రెండు ప్రశ్నలూ పరిజ్ఞానాన్నీ విశ్వాసాన్నీ కలగాపులగం చేస్తున్నాయని, అంతకు ముందే ఫౌండేషన్ తన 2010 నివేదికలో వాటి చర్చనే తీసేసింది. అప్పుడు పెద్ద గొడవైంది. సైన్స్ మనుషులే మతానికి తలొగ్గుతారా అని కొందరు మండిపడ్డారు. నా ఉద్దేశంలో తీసేయడం తప్పే, కానీ ఫౌండేషన్ చెప్పిన కారణం మాత్రం సబబైనదే. తోకతో ఒకసారి, తోక లేకుండా ఒకసారి అడగడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఎందుకంటే అసలు సమాచారం ఆ రెండు అంకెల మధ్య ఖాళీలోనే ఉంది.

దీనికి నాకు తెలిసిన పాత ఉదాహరణ ఏడో శతాబ్దం నాటిది. గ్రహణాలకి కారణం నీడలేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ఇదే చెప్పి, రాహువు కారణం కాదని స్పష్టంగా తేల్చాడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. అందులో, రాహువు కారణం కాదనేవాళ్లని పట్టుకుని తిట్టిపోశాడు. శ్రుతి స్మృతులు రాహువే అంటున్నాయి, లోకమంతా అదే అంటోంది, కాదనడానికి మీరెవరు అన్న ధోరణి. సరే, మరి అదే గ్రంథంలో గ్రహణాన్ని లెక్కగట్టాల్సి వచ్చినప్పుడు? భూమి నీడ వ్యాసమెంత, చంద్రబింబం వ్యాసమెంత, రెండూ ఎంతమేర కలుస్తాయి అంటూ నిక్కచ్చిగా నీడల గణితమే చేశాడు. రాహువుకి ఆ లెక్కలో పనే లేదు. ఏ రోటికాడ ఆ పాట.

సుమారు 1030లో, భారతదేశం గురించి పుస్తకం రాసిన పండితుడు అల్ బిరూనీ ఇది చదివి విస్తుపోయాడు. ఇంత తెలిసినవాడు, ఇంత పదునైన బుద్ధి గలవాడు, ముప్పై ఏళ్ల వయసులో ఇలా ఎందుకు రాశాడని తల పట్టుకుని, తన ఆలోచనలకి మరణశిక్ష పడిన గ్రీకు తత్వవేత్త సోక్రటీస్‌కి పట్టిన గతి లాంటి ఆపద ఏదో ముంచుకొచ్చి ఉంటుందని ఊహించాడు. భయంతో రాశాడో, నిజంగానే రెండూ నమ్మాడో మనకి తేలదు. కానీ మీరు పెట్టబోయే పరీక్షలో బ్రహ్మగుప్తుణ్ణి కూర్చోబెట్టి చూడండి. ‘గ్రహణానికి కారణం రాహువు: ఒప్పా, తప్పా?’ అని అడిగితే ఆయనకి గుండు సున్నా. ‘వచ్చే చంద్రగ్రహణం ఎప్పుడు, ఎంతసేపు, బింబంలో ఎంత భాగం?’ అని అడిగితే గదిలో ఆయన దరిదాపుల్లోకి ఎవరూ రారు, మనతో సహా. ఆ రెండు మార్కుల్లో ఏది ఆయన శాస్త్ర పరిజ్ఞానం అంటారో మీరే ఆలోచించుకోండి.

యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే డాన్ కాహన్ 2015లో ప్రచురించిన విశ్లేషణ దీన్ని అంకెల్లోకి తెచ్చింది. సంఖ్యలతో తర్కించడం, సాక్ష్యాన్ని తూచడం, మామూలు సైన్స్ విషయాలు తెలిసుండటం, వీటన్నిటినీ కలిపి ఒక కొలమానం తయారు చేశాడు. మతాసక్తి తక్కువున్నవాళ్లలో ఈ సామర్థ్యం పెరిగేకొద్దీ పరిణామం ప్రశ్నకి ఒప్పు అనడం బాగా పెరిగింది. మతాసక్తి ఎక్కువున్నవాళ్లలో సామర్థ్యం పెరిగినా ఆ ఒక్క జవాబూ దాదాపు కదల్లేదు. మిగతా ప్రశ్నల్లో వాళ్లకీ మార్కులు పెరుగుతూనే ఉన్నాయి, ఇక్కడ మాత్రం బండి అక్కడే ఆగింది. తెలివి తక్కువై ఆగింది కాదది. రెండేళ్ల తర్వాత డ్రమండ్, ఫిష్‌హాఫ్ ఇంకో అడుగు వేశారు. చదువూ సైన్స్ పరిజ్ఞానమూ పెరిగేకొద్దీ, పరిణామం, మహావిస్ఫోటనం, మూలకణాల పరిశోధన లాంటి విషయాల్లో రెండు పక్షాల మధ్య దూరం ఇంకా పెరిగిందని చూపించారు. అదే నానోటెక్నాలజీ, జన్యుమార్పిడి ఆహారం విషయంలో అలాంటి చీలిక లేదు. అవి ఎవరి జెండా మీదా లేవు మరి.

‘సైన్స్ బాగా నేర్పితే నమ్మకం సడలుతుందా’ అన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. ఏ విషయమైతే ఒక సమూహానికి గుర్తింపు చిహ్నం అయిపోయిందో, అక్కడ చదువు రెండు పక్షాలకీ వాదనాబలం ఇస్తుంది. బాగా చదువుకున్న భక్తుడు ఓడిపోడు, ఇంకా బాగా వాదిస్తాడు. చదువుకున్న నాస్తికుడూ అంతే, ఆ మాటకొస్తే.

మా తరగతి గది నుంచి ఒకటి చెబుతాను. యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా ఎలా పుట్టుకొస్తుంది అన్నది నేను ప్రతి ఏడూ ఇచ్చే ప్రశ్న. పరిణామాన్ని మనసారా ఒప్పుకునే విద్యార్థులు, మతమంటే పెదవి విరిచేవాళ్లు కూడా, చాలామంది ఇలా రాస్తారు: ‘మందు వాడగా వాడగా బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది, తట్టుకోవడం నేర్చుకుంటుంది.’ ఇది తప్పు. ఒక్కో బ్యాక్టీరియా ఏదీ నేర్చుకోదు. ఆ గుంపులో కొన్నిటికి ఉత్పరివర్తన వల్ల, అంటే జన్యువులో యాదృచ్ఛికంగా వచ్చిన మార్పు వల్ల, ముందే ఆ లక్షణం ఉంటుంది, లేదా వేరే బ్యాక్టీరియా నుంచి ఆ జన్యువు అందుతుంది. మందు పడగానే మిగతావి చస్తాయి, ఇవి మిగిలి పెరుగుతాయి. మారింది గుంపు, విడి జీవి కాదు. దీన్ని తప్పు లేకుండా, వైవిధ్యం నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా రాసిన జవాబుల్లో రోజూ ప్రార్థన చేసే పిల్లలవీ ఉంటాయి. అలాంటి ఒకమ్మాయి పూర్తి మార్కుల కాగితం చేతిలో పట్టుకుని, ‘ఇది రాస్తే చాలా సార్, నమ్మాలా?’ అని అడిగింది. రాసినదాన్ని రేపు లేబొరేటరీలో వాడగలిగితే నాకు చాలమ్మా అన్నాను.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. బిషప్, ఆండర్సన్ అనే ఇద్దరు 1990లోనే కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, పరిణామం నిజమని నమ్మడానికీ ప్రకృతి వరణం (పైన బ్యాక్టీరియాలో చూసినట్టు, తట్టుకునేవి మిగిలి పెరగడం) అర్థం కావడానికీ సంబంధమే కనిపించలేదు. ఒప్పుకునేవాళ్లలో చాలామంది దాన్ని ఇంకో శ్లోకంలా వల్లించి ఒప్పుకున్నారన్నమాట. పుస్తకంలో ఉంది, పెద్దవాళ్లు చెప్పారు, కాబట్టి నిజం. దీన్ని శాస్త్రీయ దృక్పథం అని పిలవడానికి నాకు నోరు రాదు. మీ సర్వేలో ‘పరిణామం నిజం’ అన్నవాళ్లందరికీ ఒక మార్కు వేసేసి, వాళ్లకి సైన్స్ తెలుసని తేల్చేస్తే, మీరు లెక్కపెట్టింది ఎవరి మాట ఎవరు నమ్ముతున్నారన్నదే.

శాస్త్రవేత్తల్లోనే నాస్తికులు ఎక్కువ కదా అని మీరు మధ్యలో ఒక మాటన్నారు. 1914లో జేమ్స్ ల్యూబా అమెరికన్ శాస్త్రవేత్తల్ని అడిగితే, ప్రార్థనకి బదులిచ్చే దేవుడున్నాడని నమ్మేవాళ్లు దాదాపు 40 శాతం. లార్సన్, విథమ్ 1996లో అదే ప్రశ్నతో మళ్లీ అడిగితే మళ్లీ ఇంచుమించు 40 శాతమే. మధ్యలో క్వాంటం సిద్ధాంతం వచ్చింది, డీఎన్ఏ నిర్మాణం తెలిసింది, మనిషి చంద్రుడి మీద దిగాడు. ఆ అంకె అక్కడే ఉంది. అయితే నేషనల్ అకాడమీ సభ్యుల్ని, అంటే పైవరస శాస్త్రవేత్తల్ని అడిగి 1998లో ప్రచురించిన ఫలితంలో నమ్మేవాళ్లు 7 శాతమే. మీ వాదనకి ఇదే బలమైన అంకె, దీన్ని నేను తోసిపుచ్చను. కానీ ఆ 7 శాతంలో కూడా గణితజ్ఞుల్లో నమ్మకం ఎక్కువ, జీవశాస్త్రజ్ఞుల్లో అన్నిటికంటే తక్కువ. గణితజ్ఞులకి తర్కం తక్కువని ఎవరూ అనరనుకుంటాను. ఎలాంటివాళ్లు ఏ రంగం ఎంచుకుంటారు, ఆ రంగంలో ఏ ప్రశ్నలతో రోజూ తలపడతారు, పైకి రావాలంటే ఎవరి మధ్య మెలగాలి, ఇవన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉన్నాయి. సైన్స్ వచ్చాక నమ్మకం పోయిందా, నమ్మకం లేనివాళ్లే ముందునుంచీ అటువైపు వెళ్లారా అన్నది ఒక్కసారి తీసిన సర్వే చెప్పలేదు.

మహావిస్ఫోటన సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ మతగురువు. వ్యాకోచించే విశ్వం గురించి ఆయన 1927లోనే రాశాడు. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి శాస్త్రం పలుకుతున్న సాక్ష్యంలా మాట్లాడితే, అందరికంటే ముందు ఇబ్బంది పడింది లెమైత్రే. తన సిద్ధాంతానికీ మతానికీ ముడిపెట్టడం ఆయనకి ఇష్టం లేదు. ‘మా గ్రంథంలో ఇదంతా ఎప్పుడో చెప్పారు’ అనేవాళ్లకి నేను చూపించే మనిషి ఆయనే. అలా అనడం గ్రంథానికీ మంచిది కాదు, రేపు సిద్ధాంతం మారితే గ్రంథాన్నీ మార్చుకోవాల్సి వస్తుంది.

మీ సర్వేలో ఇంకో చిక్కుంది. జబ్బు చేస్తే మందు వేసుకుంటూ మొక్కు మొక్కుకునేవాళ్లని మీరు ఏ గడిలో వేస్తారు? మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ 1937లో, మధ్య ఆఫ్రికాలోని అజాండే ప్రజల గురించి రాసిన ఒక సంగతి ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ధాన్యపు గాదె కింద నీడకి కూర్చున్నవాళ్ల మీద అది కూలుతుంది. గుంజల్ని చెదలు తినేశాయని అక్కడ ప్రతివాడికీ తెలుసు. అయినా ఇది చేతబడి అంటారు. చెదలు తింటే గాదె ఎందుకు కూలిందో తెలుస్తుంది, సరిగ్గా వీళ్లు కింద కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది అన్నది వాళ్ల ప్రశ్న. మనం కాకతాళీయం అంటాం, వాళ్లు ఆ ఖాళీలో ఒక కారణాన్ని పెట్టుకుంటారు. క్రిస్టీన్ లెగార్, సూసన్ గెల్మన్ దక్షిణాఫ్రికాలో ఎయిడ్స్ గురించి అడిగి 2008లో రాసినదీ ఇలాంటిదే: వైరస్ సంగతి తెలిసినవాళ్లు కూడా చేతబడి మాట వదల్లేదు, పైగా ఆ మాట పిల్లల్లో కంటే పెద్దవాళ్లలో ఎక్కువ. కొత్త జ్ఞానం వచ్చి పాతదాన్ని తోసేస్తుందన్న మీ ఊహ అన్ని చోట్లా పనిచేయదు. రెండూ ఒకే బుర్రలో పక్కపక్కన కాపురం ఉంటాయి.

నమ్మకం వల్ల ప్రాణాల మీదకి వచ్చే చోట్ల కూడా, పరిజ్ఞానం కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రంలో పోలియో చుక్కలు ఆపేశారు. చుక్కల్లో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని మతపెద్దలు అన్నారు. ఆ నెలల్లో పోలియో మళ్లీ అనేక దేశాలకి పాకింది. దీన్ని మూఢత్వం ఖాతాలో రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ 1996లో అదే కానోలో ఒక విదేశీ మందుల కంపెనీ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అంటువ్యాధి మధ్యలో పిల్లల మీద కొత్త మందు పరీక్షించి వివాదంలో ఇరుక్కుంది. జనం అది మర్చిపోలేదు. 2004లో కార్యక్రమం మళ్లీ మొదలైంది ఎలాగంటే, ముస్లింలు ఎక్కువగా ఉండే ఇండోనేషియాలో తయారైన టీకాని ఒప్పుకోవడం ద్వారా. ఈలోగా వైరాలజీ పాఠాలు ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఎవరిని నమ్మొచ్చు అన్నది మారింది, అంతే.

ఇంత చెప్పాక, మతం అమాయకమైనదని నేను అంటున్నట్టు అనిపిస్తే అది కూడా సరికాదు. గ్రంథంలోని ప్రతి వాక్యాన్నీ అక్షరాలా పట్టుకునే ధోరణి కొన్ని రంగాల్లో నిజంగానే తలుపులు మూసేస్తుంది, షెర్కాట్ లెక్కలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. అంతకంటే పెద్ద నష్టం నమ్మకం చేతికి అధికారం వచ్చినప్పుడు జరుగుతుంది. టెనెసీ రాష్ట్రంలో మనిషి పుట్టుక గురించి పరిణామం చెప్పడాన్ని నేరం చేసిన చట్టం 1925లో వచ్చి 1967 దాకా పుస్తకాల్లో ఉంది. ఆ 42 ఏళ్లలో అక్కడి ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలు, నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిపి, ఆ పాఠానికి దూరమయ్యారు. ఒక విద్యార్థి ఇంట్లో ఏ ప్రార్థన చేస్తాడన్నది నన్ను పెద్దగా కలవరపెట్టదు. పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది కలవరపెడుతుంది. మీ క్లబ్‌కి ఉన్న ఓపికంతా మొదటిదాని మీద ఖర్చు చేస్తే రెండోదానికి ఏమీ మిగలదు.

ఇక మీ ప్రశ్నాపత్రం. వివాదం ఉన్న ప్రతి ప్రశ్ననీ రెండు రకాలుగా రాయండి, సగం మందికి ‘శాస్త్రజ్ఞుల ప్రకారం’ అని, మిగతా సగానికి అది లేకుండా. ఎవరికి ఏది వెళ్తుందో చీటీలు తీసి నిర్ణయించండి, మీ ఇష్టప్రకారం పంచకండి. ఒప్పు తప్పు ప్రశ్నలు తగ్గించి, ఒక చిన్న పట్టికో ప్రయోగమో ఇచ్చి ‘దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పలేం’ అని అడిగే ప్రశ్నలు పెట్టండి. దిద్దడం కష్టమే, కానీ బట్టీకి లొంగనివి ఇవే. చదువు ఎంతవరకు, ఎలాంటి బడి, సైన్స్ ఏ తరగతి దాకా అన్నవి తప్పక తీసుకోండి, లేకపోతే చదువు తేడాని భక్తి తేడా అనుకుంటారు. ‘మీకు దేవుడి మీద నమ్మకం ఉందా’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. ఎంత తరచుగా ప్రార్థిస్తారు, గ్రంథాన్ని అక్షరాలా తీసుకుంటారా, మతానికీ సైన్స్‌కీ పడదని మీరు అనుకుంటున్నారా, ఈ మూడూ వేరువేరు సంగతులు. వీటిలో మూడోదాని మీద కన్నేసి ఉంచమంటాను. ఎలిజబెత్ బార్న్స్, సారా బ్రౌనెల్ అనే పరిశోధకులు జీవశాస్త్ర తరగతుల్లో చేసిన పనిలో, నమ్మకం ఉన్న శాస్త్రవేత్తల గురించి చెప్పి, రెంటిలో ఒకటి వదులుకోవాల్సిన పని లేదని చర్చించినప్పుడు విద్యార్థులకి కనిపించే ఘర్షణ తగ్గింది. నాస్తికుడిగా నాకు ఆ పాఠం చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా చెబుతున్నాను, ఎందుకంటే వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు ఆ తర్వాత పెన్ను తీస్తున్నారు.

మతం ప్రశ్నలన్నీ సైన్స్ ప్రశ్నల తర్వాతే పెట్టండి. ముందు పెడితే జవాబిచ్చేవాళ్లకి మీ ఉద్దేశం తెలిసిపోతుంది. సర్వే పేరులో కూడా ‘మూఢనమ్మకాలు’ అన్న మాట ఉంది మీ దాంట్లో, అది తీసేయండి. ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను.